211కి ఫోన్ చేయాలంటే మనవాళ్లకి ఎందుకంత జంకు?

అద్దె, వైద్యం, కరెంటు బిల్లు లాంటి ఇబ్బందులకి సాయం ఎక్కడ దొరుకుతుందో చెప్పే అమెరికాలోని 211 హెల్ప్‌లైన్‌లో కాల్స్ తీసుకోవడం నా ఉద్యోగం. తెలుగువాళ్లు మాకు ఫోన్ చేసేదే తక్కువ, చేసినా చాలాసార్లు రెండు నెలల అద్దె బాకీ పడి, ఇంట్లో ఎవరికీ నిద్ర లేకుండా పోయాకే చేస్తారు. అంతవరకూ ఆపేది ఎక్కువగా ఈ అపోహలే.

అపోహ: అది లేనివాళ్లకి, మనకెందుకు?
వాస్తవం: 1997లో అట్లాంటాలో యునైటెడ్ వే అనే స్వచ్ఛంద సంస్థ ఈ నంబర్‌ని మొదలుపెట్టింది, 2000లో టెలిఫోన్ వ్యవహారాలు చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ దీన్ని దేశమంతటికీ కేటాయించింది. జీతం బాగా ఉన్నవాళ్లూ చేయొచ్చు. పిల్లాడికి రెండేళ్లు దాటినా మాటలు రావడం లేదనుకోండి, మూడేళ్లలోపు పిల్లల కోసం ప్రతి రాష్ట్రంలోనూ ఎర్లీ ఇంటర్వెన్షన్ అని, ఎదుగుదల ఆలస్యమైతే తోడ్పడే కార్యక్రమం ఉంది, అందులో పరీక్షకి డబ్బు తీసుకోరు. ఇది తెలియక ఏడాది పోగొట్టుకున్న తల్లిదండ్రులతో మాట్లాడినప్పుడు నాకు చాలా బాధేస్తుంది.

అపోహ: ఇంగ్లిష్ రాకపోతే లాభం లేదు.
వాస్తవం: "తెలుగు" అన్న ఒక్క మాట చాలు. ఫోన్‌లోనే ఇంటర్‌ప్రెటర్‌ని కలుపుతాం, కాకపోతే ఆ కాసేపు లైన్ నిశ్శబ్దంగా ఉంటుంది, పెట్టేయకండి. ఒక పెద్దావిడ కట్ అయిందనుకుని రెండుసార్లు పెట్టేసి, మూడోసారి "తెలుగు, తెలుగు" అని ఆగారు. ఆవిడ అడిగింది అద్దె గురించి. ఇంట్లో ఇంకేమైనా ఇబ్బంది ఉందా అని అడిగితే, ఇన్సులిన్ అయిపోతుందని సగం సగం వేసుకుంటున్నానని మెల్లగా చెప్పారు. అద్దె సంగతి పక్కనపెట్టి ముందు దగ్గర్లోని కమ్యూనిటీ హెల్త్ సెంటర్ వెతికాం. ఫెడరల్ నిధులతో నడిచే ఇలాంటి సెంటర్లలో ఆదాయాన్ని బట్టి ఫీజు తగ్గుతుంది, కట్టలేరని ఎవరినీ వెనక్కి పంపకూడదు. అందుకే అడగడానికి వచ్చిన ఒక్క విషయమే కాదు, ఉన్నదంతా చెప్పండి.

అపోహ: పేరు, వీసా అన్నీ రాసుకుంటారు.
వాస్తవం: పేరు చెప్పకుండానే మాట్లాడొచ్చు, మాట్లాడింది గోప్యంగా ఉంటుంది. కొన్ని ప్రభుత్వ పథకాలకి వీసా స్టేటస్ నిబంధనలుంటాయి, అవి మీకు వర్తిస్తాయో లేదో తెలియాలంటే మాత్రం మీరే ఆ మాట ఎత్తాలి.

అపోహ: 211 వాళ్లే డబ్బు ఇస్తారు.
వాస్తవం: ఇవ్వం. ఎవరిస్తారో, ఏ రోజుల్లో తెరుస్తారో, ఏ కాగితాలు పట్టుకెళ్లాలో చెబుతాం. అక్కడికి వెళ్తే నిధులు అయిపోయాయన్నారా, నిరాశపడి ఊరుకోకండి, మళ్లీ చేయండి. ఇంకో చోటు చూస్తాం, మా జాబితా కూడా సరిదిద్దుకుంటాం.

గుండెనొప్పి లాంటి అత్యవసరాలకి 911. చనిపోవాలనిపించేంత కుంగుబాటుకి 988, 2022 జులై నుంచి ఉంది. మిగతావాటికి ఫోన్ తీసే ముందు జిప్ కోడ్, పెన్ను, కరెంటు బిల్లు కట్టలేకపోతుంటే ఆ బిల్లు, దగ్గర పెట్టుకోండి. బిల్లు మీద గడువు తేదీ, కరెంటు తీసేస్తామన్న నోటీసు ఉంటే ఆ సంగతి మొదటి మాటగా చెప్పండి, దాన్ని బట్టే ముందు ఎవరికి చేయాలో చూస్తాం.