రిపోర్ట్ కొట్టే ముందు ఒక్క నిమిషం: విద్వేష ప్రచారంపై అపోహలు - వాస్తవాలు

"పోస్టు పోయిందండీ, పీడ వదిలింది." ఫోన్‌లో ఈ మాట విన్నప్పుడల్లా నాకు నీరసం వస్తుంది. మైనారిటీ జాతుల మీద సాగే విద్వేష ప్రచారాన్ని, దాడులను నమోదు చేయడం నా పని. అందులో నన్ను అన్నిటికంటే ఎక్కువ ఏడిపించేది ఈ అపోహే.

అపోహ: రిపోర్ట్ కొట్టి పోస్టు తీయించేస్తే పని అయిపోయినట్టే.

వాస్తవం: తీయించాల్సిందే, కాకపోతే దాచుకున్నాక. పోస్టు పోయినా పెట్టినవాడు ఎక్కడికీ పోడు. పోయేది మన సాక్ష్యమే.

ఒక రాత్రి ఒక అబ్బాయి ఫోన్ చేశాడు. వాళ్లింటి ఫొటో ఎవరో పెట్టి, "ఈ గుమ్మం గుర్తుంచుకోండి" అని రాశారు. ఇంటిల్లిపాదీ కూర్చుని రిపోర్ట్ కొట్టారు, తెల్లారేసరికి పోస్టు లేదు. నాలుగో రోజు కిటికీ మీద రాళ్లు పడ్డాయి. ఫిర్యాదు రాద్దామంటే మిగిలింది ఒక్క స్క్రీన్‌షాట్. అందులో వాళ్ల ఫోన్ ఛార్జింగ్ 14 శాతం అని స్పష్టంగా ఉంది. పోస్టు పెట్టినవాడి పేరు మాత్రం లేదు, స్క్రీన్ కాస్త పైకి జరిగిపోయింది. ఆ అబ్బాయిని ఏమనగలం? భయంలో ఎవరైనా అదే చేస్తారు.

అందుకే ముందు పోస్టు లింకు, అకౌంటు లింకు దాచండి. పేర్లు రేపటికి మారిపోతాయి. తేదీ, సమయం రాసుకోండి. కామెంట్లన్నీ కనిపించేలా స్క్రీన్ రికార్డ్ చేయండి. పోస్టులో సూచనగా ఉన్నది కామెంట్లలో "ఎప్పుడు వెళ్దాం" అయి కూర్చుంటుంది. వీడియో అయితే అసలు ఫైలు కావాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే తీసిన సమయం, చోటు వివరాలు ఊడిపోతాయి. డాక్యుమెంట్‌గా పంపండి. కోపంతో పదిమందికి ఫార్వర్డ్ చేయడం మాత్రం వద్దు, వాడి పని మనం చేసిపెట్టినట్టవుతుంది.

2018 ఆగస్టులో ఫేస్‌బుక్ మయన్మార్ సైనికాధికారుల ఖాతాలను, పేజీలను తీసేసింది. అక్కడి మైనారిటీ జాతి రోహింగ్యాల విషయంలో 2019లో అంతర్జాతీయ న్యాయస్థానంలో మయన్మార్ మీద కేసు వేసిన ఆఫ్రికా దేశం గాంబియా, అలా తీసేసిన సమాచారం కోసం 2020లో అమెరికా కోర్టుకు వెళ్లాల్సి వచ్చింది. కంపెనీ దగ్గర డేటా ఉంది, అడిగినదంతా ఇవ్వడానికి ఒప్పుకోలేదు. ఒక దేశానికే అన్ని తిప్పలైతే మనకెవరిస్తారు?

మిగతావి గబగబా చెప్పేస్తాను.

ప్రతి తిట్టూ నేరమే అనుకోవద్దు. ఏ మాట రెచ్చగొట్టడం కిందికి వస్తుందో తేల్చడానికి ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో వచ్చిన 2012 నాటి రబాత్ కార్యాచరణ ప్రణాళిక ఆరు విషయాలు చూడమంటుంది: సందర్భం, మాట్లాడిన మనిషి స్థాయి, ఉద్దేశం, మాట తీరు, ఎంతమందికి చేరింది, హాని జరిగే అవకాశం ఎంత. అలాగని తిట్టు లేకపోతే ప్రమాదం లేదనీ కాదు. 1994లో టుట్సీ జాతి మీద మారణహోమం సాగిన రువాండాలో ఆర్‌టీఎల్‌ఎం అనే రేడియో వాళ్లను 'ఇన్యెంజీ' అనేది, అంటే బొద్దింకలు. నిఘంటువులో అది పురుగు పేరే. ఇలాంటి మాటలు పోస్టులను జల్లెడ పట్టే యంత్రానికి అంత సులువుగా చిక్కవు, ఆ భాషలో పుట్టి పెరిగిన చెవికి ఇట్టే తెలుస్తాయి.

ఫిర్యాదులు పెరిగితే ద్వేషం పెరిగినట్టేనా? కావచ్చు. జనానికి ధైర్యం వచ్చి చెప్తున్నారేమో కూడా. ఆ అంకె పట్టుకుని ఊగిపోయేవాళ్లన్నా, "పదిమంది పోయారట" అని చాటేవాళ్లన్నా నాకు ఒళ్లు మంట. ఆ 'అట'లన్నీ మా దగ్గర విడి కాలమ్‌లోకి పోతాయి, ఇద్దరు విడివిడిగా చెప్పేదాకా అక్కడే ఉంటాయి.

"నా పేరు బయటికొస్తుందేమో" అనే టెన్షన్ మాత్రం అపోహ అని కొట్టిపారేయను. అది న్యాయమైన భయం. మా రిజిస్టర్‌లో మీరొక నంబరు. పేరు వేరే చోట ఉంటుంది, మీరు సరే అనకుండా ఎవరికీ వెళ్లదు.

ఆ అబ్బాయి మొన్న మళ్లీ ఫోన్ చేశాడు, ఇంకో పోస్టు వచ్చిందని. "లింకులు, కామెంట్లు అన్నీ పంపానండీ, ఒకసారి చూసుకోండి. ఇప్పుడు రిపోర్ట్ కొట్టమంటారా?" అన్నాడు. ఫైలు తెరిచి చూసి, కొట్టమన్నాను.