నిద్రమత్తులో డ్రైవింగ్: లారీ వాళ్లం నమ్మే అపోహలు, అసలు వాస్తవాలు

ఇరవై ఏళ్లు ఈ 16వ నంబరు హైవే మీద లారీ తోలాను. ఇప్పుడు ఒంగోలులో కుర్రాళ్లకు హెవీ బండి నేర్పుతున్నాను. గేర్లూ రివర్సూ తొందరగానే పట్టుబడతాయి. నిద్ర సంగతి ఎత్తితేనే అందరూ నాతో వాదనకు దిగుతారు.

అపోహ: నిద్ర వచ్చేటప్పుడు మనకే తెలుస్తుంది, అప్పుడు ఆపుకోవచ్చు.

ఆవలింతలు తెలుస్తాయి. కునుకు పట్టిన క్షణం తెలియదు. ఒకసారి కావలి నుంచి ఖాళీ బండితో ఒంగోలు వస్తున్నా. తెల్లవారుజాము నాలుగు. ఉలవపాడు దాటడం గుర్తుంది. ఆ తర్వాత గుర్తున్నది క్లీనర్ నా భుజం పట్టి కుదపడం, ఎదురుగా రోడ్డు అంచున ఆగి ఉన్న గ్రానైట్ లారీ, దాని వెనక సగం ఊడిన ఎర్ర రేడియం స్టిక్కరు. స్టీరింగ్ కుడికి కోసేశాను, బతికాం. మధ్యలో సింగరాయకొండ ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు పోయిందో ఇప్పటికీ తెలియదు. నా కళ్లు తెరిచే ఉన్నాయని క్లీనర్ చెప్పాడు. కొన్ని సెకన్ల పాటు ఇలా తెలియకుండా పట్టే కునుకునే మైక్రోస్లీప్ అంటారు. గంటకు 72 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 20 మీటర్లు పోతుంది. నాలుగు సెకన్లు కునుకు పడితే 80 మీటర్లు! నిద్రలో ఉన్నవాడు బ్రేకు తొక్కడు, అందుకే ఈ ప్రమాదాల్లో దెబ్బ అంత గట్టిగా ఉంటుంది.

అపోహ: మందు తాగలేదు కదా, భయమేముంది?

పొద్దున ఆరింటికి లేచి, పగలంతా రొయ్యల లోడింగ్ దగ్గర నిలబడి, రాత్రి పదకొండుకి బండెక్కితే మెలకువగా ఉండి 17 గంటలు అయినట్టు. అప్పటికి మనిషి చురుకుదనం, 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల ఆల్కహాల్ ఉన్నవాడి స్థాయికి పడిపోతుంది. మన చట్టం ఒప్పుకునేది 30 వరకే. తేడా ఏమిటంటే, పోలీసుల మిషన్‌లో ఊదితే ఇది కనపడదు.

అపోహ: ఇది లారీ వాళ్ల గొడవ.

కాదు. తిరుమలలో రాత్రంతా క్యూలో నిలబడి, దర్శనం అవ్వగానే పిల్లల్ని వెనక సీట్లో పడుకోబెట్టుకుని ఇంటికి బయలుదేరే కార్లను చూస్తే నాకు గుండె దడదడలాడుతుంది. నడిపేవాడికీ నిద్ర లేదు కదా! రాత్రి రెండు నుంచి ఐదు దాకా ఒళ్లు నిద్రే కోరుతుంది. మధ్యాహ్నం భోజనం తర్వాత కూడా అంతే. జలుబు మాత్ర వేసుకుంటే ఇంకా ప్రమాదం.

అపోహ: టీ తాగి మొహం కడుక్కుంటే సరిపోతుంది.

నీళ్లు, పాటలు, కిటికీ గాలి కాసేపే. టీ పనిచేయడానికి అరగంట దాకా పడుతుంది. అందుకే టీ తాగిన వెంటనే 20 నిమిషాలకు అలారం పెట్టుకుని పడుకోండి, లేచేసరికి అది పనిచేస్తుంది. ఓనరు ఫోన్ చేస్తే చేయనివ్వండి. డ్రైవరుకు రోజుకు ఎనిమిది గంటల పని అని 1961లోనే మోటారు రవాణా కార్మికుల చట్టం చెప్పింది. బండిని పెట్రోలు బంకులోనో ధాబా ముందో పెట్టండి, రోడ్డు అంచున మాత్రం వద్దు. ఆ గ్రానైట్ లారీ ఆగింది అక్కడే. లేవగానే స్టీరింగ్ పట్టకండి, మత్తు వదలడానికి పది పదిహేను నిమిషాలు కావాలి. ఈలోగా కిందకు దిగి, రాడ్డుతో టైర్లన్నీ ఒక్కొక్కటీ తట్టి చూసుకోండి.