డీర్‌ఫీల్డ్ శిలాఫలకాలు: కింది వరుస నుంచి చదవాలి

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, కనెటికట్ నదికి పడమటి వైపు ఉన్న చిన్న ఊరు డీర్‌ఫీల్డ్. 1670ల్లో ఇంగ్లీషు వలసవాసులకు వాయవ్య దిక్కున చివరి ఊళ్లలో ఇదొకటి. అందుకే మూడు దశాబ్దాల్లో పలుమార్లు యుద్ధం దీని మీద పడింది. ఊళ్లోనూ చుట్టుపక్కలా కనిపించే స్మారక ఫలకాల్లో చాలావరకు ఆ రోజుల గురించినవే. వాటి మీది మాటల్ని అలాగే ఉంచాలా, మార్చాలా అన్న చర్చ అర్థం కావాలంటే ముందు ఫలకం కింది వరుస చూడాలి. ఎవరు, ఏ ఏడు నాటించారో అక్కడే ఉంటుంది.

ఈ నేల పొకమ్‌టక్ అనే మూలవాసీ ప్రజలది. 1667లో ఛాక్ అనే వారి పెద్ద ఇంగ్లీషువాళ్లకు రాసిచ్చిన దస్తావేజులో అమ్మకంతో పాటు ఒక షరతు కూడా ఉంది: నదుల్లో చేపలు పట్టుకోవడం, జింకల వేట, అడవిలో కాయలు ఏరుకోవడం తమవాళ్లకు ఎప్పటిలాగే చెల్లుతాయని. ఈ షరతును గుర్తుపెట్టుకోండి.

1675 సెప్టెంబరు 18న ధాన్యం బళ్లతో వెళ్తున్న ఇంగ్లీషు కెప్టెన్ లాత్రప్ దళాన్ని మూలవాసులు మాటువేసి చంపారు. అక్కడి వాగుకు బ్లడీ బ్రూక్ అన్న పేరు మిగిలింది. ఊరు ఖాళీ అయి, 1680ల్లో మళ్లీ నిలిచింది. 1704 ఫిబ్రవరి 29 తెల్లవారక ముందే ఫ్రెంచివాళ్లు, మూలవాసులైన అబెనాకీలు, మోహాక్‌లు, వెండాట్‌లు కలిసి దాడి చేశారు. కర్రల ప్రాకారానికి ఆనుకుని పేరుకున్న మంచు గుట్టలే వాళ్లకు మెట్లయ్యాయి. 112 మందిని బందీలుగా పట్టుకుని, సుమారు 480 కిలోమీటర్లు నడిపించి కెనడాకు తీసుకెళ్లారు.

ఈ తేదీ దగ్గరే చాలామంది పొరపాటు పడతారు. అప్పటి ఇంగ్లీషువాళ్లది జూలియన్ పంచాంగం, ఫ్రెంచివాళ్లది గ్రెగోరియన్. అదే రోజు ఫ్రెంచి లెక్కలో మార్చి 11. పైగా ఇంగ్లీషువాళ్లకు కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది కాబట్టి పాత కాగితాల్లో 1703/4 అని కనిపిస్తుంది. అది రాతపొరపాటు కాదు, దిద్దకూడదు.

ఫలకాలు వచ్చింది మాత్రం ఎంతో తర్వాత. 1704 దాడిని తట్టుకుని నిలిచిన షెల్డన్ ఇంటిని 1848లో కూల్చేశారు. గొడ్డలి దెబ్బల తలుపు మిగిలింది. ఆ వంశానికే చెందిన జార్జ్ షెల్డన్ ముందు నిలవగా 1870లో పొకమ్‌టక్ వ్యాలీ మెమోరియల్ అసోసియేషన్ ఏర్పడింది. 1880లో మెమోరియల్ హాల్ తెరిచారు. దాని గోడలకు పాలరాతి పలకలు పెట్టారు. అబెనాకీ లాంటి మూలవాసీ కుటుంబాల వాళ్లు అదే లోయలో బతుకుతూనే ఉన్నా, ఆ రాళ్లు మాత్రం వాళ్లు కనుమరుగైపోయారన్న ధీమాతో మాట్లాడతాయి. బందీగా వెళ్లి అక్కడే పెళ్లి చేసుకున్న ఒక అమ్మాయి గురించి, ఆమె 'సావేజ్'ను పెళ్లాడి తానూ అదే అయిందని చెక్కారు. ఆటవికుడు అని తిట్టే మాట అది. 1704లో బందీలైన ఊరి పాస్టర్ విలియమ్స్ భార్య యూనిస్‌ను దారిలో చంపిన చోట 1884లో ఆ సంఘమే నాటిన రాయి మీదా అదే మాట ఉంది. అయితే అది విలియమ్స్ రాతలోంచి తీసుకున్నది. ఈ తేడా చిన్నది కాదు: దుఃఖంలో ఉన్న భర్త మాట ఒకటి, దాదాపు 180 ఏళ్ల తర్వాత దాన్ని ఏరి రాతికెక్కించిన సంఘం నిర్ణయం మరొకటి.

అన్నిటికంటే నన్ను ఆపేది పొరుగున గిల్ ఊళ్లో 1900లో నిలిపిన రాయి. కెప్టెన్ టర్నర్ 145 మందితో వచ్చి 300 మందికి పైగా 'ఇండియన్లను' (మూలవాసుల్ని అలా పిలిచేవాళ్లు) నాశనం చేశాడని, తేదీ 1676 మే 19 అని అంటుంది. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది స్త్రీలు, పిల్లలు, ముసలివాళ్లు. ఆ ముక్క రాతి మీద లేదు. నది అవతల ఊరికి టర్నర్స్ ఫాల్స్ అని అతని పేరే పెట్టారు. 2004లో అదే తేదీన టర్నర్స్ ఫాల్స్ కూడా కలిసి ఉన్న మాంటెగ్యూ ఊరి పాలకులు, నారగాన్సెట్ మూలవాసుల ప్రతినిధులు సయోధ్య పత్రం మీద సంతకాలు చేశారు.

పాత రాయిని పీకడం కంటే పక్కన కొత్త పలక పెట్టడం మేలు. అప్పుడు 1900 నాటి ఆలోచన కూడా సాక్ష్యంగా మిగులుతుంది. కొత్త పలకలో చోటు తక్కువ, అయిదారు వాక్యాలే పడతాయి. అందుకే క్రియల దగ్గర జాగ్రత్త: 'చనిపోయారు' అని కాదు, ఎవరు ఎవర్ని చంపారో రాయాలి. 'ఇండియన్లు' అని ఊరుకోక ప్రజల పేర్లు చెప్పాలి. రాయి శుభ్రానికి నీళ్లు, మెత్తటి బ్రష్ చాలు; బ్లీచ్, తీగ బ్రష్ పాలరాతి అక్షరాల్ని తినేస్తాయి. 1930లో రాష్ట్రమంతా రోడ్ల పక్కన నిలిపిన పోత ఇనుప బోర్డులతో ఇంకో చిక్కు: పాత పెచ్చులు గీకకుండా రంగు మీద రంగు వేస్తే అక్షరాలు పూడిపోతాయి, లోపల తుప్పు సాగుతుంది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు బోర్డు జరిపితే 'ఇక్కడ' అన్న మాట కూడా తప్పవుతుంది.

గిల్ పలకలో తప్పక రావాల్సిన మాట ఒకటుంది. మే నెలలో, టర్నర్ దాడి చేసిన చోటి జలపాతం దగ్గరికి చేపలు ఎదురీదుతూ వస్తాయి. చుట్టుపక్కల తెగలు ఏటా అక్కడికి చేరేది అందుకే, దాడి జరిగిన తెల్లవారుజామున అంతమంది అక్కడ నిద్రపోతున్నదీ అందుకే. ఛాక్ దస్తావేజులో అట్టిపెట్టుకున్నదీ అలాంటి చేపల హక్కునే.