ఇనుములో తిష్ఠ వేసిన చుట్టం

పిల్లలూ,

అక్క పీహెచ్‌డీ మొదలుపెట్టి నాలుగేళ్లయింది, ఇంకా ఫ్యాక్టరీల పొగ ఎలా తగ్గించాలా అన్న దగ్గరే ఉంది, అన్నీ కరెంటుతో నడిపితే అయిపోతుందిగా తాతయ్యా అని అడిగారు. నేనూ అలాగే అనుకున్నాను, అక్కని కూర్చోబెట్టి అడిగేదాకా.

భూమిలోంచి తవ్వే ఇనుప ఖనిజం దాదాపు తుప్పులాంటిదే. అందులో ఇనుముని ఆక్సిజన్ పట్టుకుని ఉంటుంది. ఆ ఆక్సిజన్‌ని ఇంటికొచ్చి కదలని చుట్టం అనుకోండి. ఒట్టి వేడికి లొంగడు. అందుకని బొగ్గులోంచి కార్బన్‌ని పిలుస్తారు. వాడు చుట్టం భుజం మీద చెయ్యేసి 'రా, అలా తిరిగొద్దాం' అంటాడు, ఇద్దరూ కలిసి పొగగొట్టంలోంచి కార్బన్ డయాక్సైడ్‌గా వెళ్లిపోతారు. అంటే బొగ్గు మంటకే కాదు, సాగనంపడానికీ కావాలి. ఇలా ఒక టన్ను ఉక్కు చేస్తే సుమారు 2 టన్నుల ఆ గ్యాస్ గాల్లోకి పోతుంది.

కార్బన్ బదులు హైడ్రోజన్‌ని పిలవచ్చు. అప్పుడు బయటికొచ్చేది నీటి ఆవిరే. స్వీడన్‌లోని లూలియోలో 2021లో అలా ఇనుము తీసి చూపించారు. మరి హైడ్రోజన్ ఎక్కడిది? నీళ్లలోది. నీళ్లలో దాన్ని పట్టుకున్నది ఎవరు? మళ్లీ ఆ చుట్టమే! వాడి చేతుల్లోంచి కిలో హైడ్రోజన్ విడిపించడానికి 50 యూనిట్ల పైనే కరెంటు కావాలి, అదీ బొగ్గుతో చేసిన కరెంటైతే పడ్డ శ్రమంతా దండగ. నా పోలిక ఇక్కడ కాస్త తికమకగా ఉంది గానీ, వదలబుద్ధి కావట్లేదు.

చిన్నప్పుడు నేను కమ్మరి కొలిమి దగ్గర తిత్తి ఊదేవాణ్ణి. ఎర్రగా కాలిన కడ్డీని దాగలి మీద పెట్టి కొడితే నల్లటి పొలుసులు రాలేవి. అవేంటో అప్పుడు తెలీదు. వేడి ఇనుముకి గాలి తగలగానే చుట్టం మళ్లీ వచ్చి కూర్చున్నాడన్నమాట. నేను పొలుసులు చూస్తూ తిత్తి ఆపేస్తే కమ్మరి తిట్టేవాడు, కడ్డీ చల్లారిందంటే మళ్లీ కాల్చాలిగా మరి.

అక్క పని కూడా ఆ అదను పట్టుకోవడమే. పెద్ద కొలిమి లోపలి ఇటుకలు సుమారు 15, 20 ఏళ్లకోసారి మార్చాలి, బోలెడు ఖర్చు. ఒకసారి మార్చారా, ఇంకో 15 ఏళ్లు బొగ్గే. ఆ రోజు వచ్చేసరికి ఏ చట్టం, ఎంత ధర ఉంటే యజమాని దారి మారుస్తాడు? యూరోపియన్ యూనియన్ 2005 నుంచి ఫ్యాక్టరీలు వదిలే కార్బన్ డయాక్సైడ్‌కి ధర కట్టిస్తోంది. మరీ బరువైతే ఫ్యాక్టరీ ఇంకో దేశానికి పోతుంది, పొగ మాత్రం అలాగే ఉంటుంది. ఈ లెక్కలకే అక్కకి టెన్షన్. ఇంకా అవ్వలేదా అని మాత్రం దాన్ని అడక్కండి.

సిమెంటు మరీ మొండిది. దాన్ని చెయ్యాలంటే సున్నపురాయిని కాల్చాలి. స్వచ్ఛమైన సున్నపురాయి 100 కిలోలు కాలిస్తే 44 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా పోతుంది, కరెంటుతో కాల్చినా సరే, ఎందుకంటే అది రాయిలోనే ఉంది. నమ్మకపోతే గుడ్డు పెంకుని గ్లాసుడు వెనిగర్‌లో వెయ్యండి. పెంకులోనూ ఉండేది ఆ సున్నపు పదార్థమే, పైకొచ్చే బుడగలు ఆ గ్యాసే. రాత్రంతా ఉంచి, పొద్దున పెంకు ఏమైందో నాకు రాయండి.

మీ తాతయ్య