ఇత్తడి రేజరు, జింకు రేజరు

మూడేళ్ల క్రితం కొన్న నా సేఫ్టీ రేజరు, ఒక ఉదయం బ్లేడు మార్చి పిడి బిగిస్తుండగా, చేతిలోనే రెండు ముక్కలైంది. విరిగింది పిడి కాదు. బ్లేడును పైనుంచి కప్పే పలకకు అడుగున, పిడిలోకి దిగే, మరలు (స్క్రూ చుట్లు) ఉన్న కాడ ఒకటి ఉంటుంది. అది మొదలంటా తెగి పిడిలోపలే ఉండిపోయింది. తెగిన చోటును భూతద్దంతో చూస్తే, బయట అద్దంలా మెరిసే పూత వెంట్రుకంత సన్నని అంచుగా కనిపించింది. లోపలున్నది బూడిద రంగు లోహం, పగిలిన పటికబెల్లం ముక్కలా పలుకులు పలుకులుగా ఉంది. మా బీరువాలో తాతగారు వాడిన జిలెట్ మూడు ముక్కల (పై పలక, అడుగు పలక, పిడి విడివిడిగా ఉండే) రేజరు ఉంది. ఇంగ్లండులో తయారైనట్టు దాని మీద అచ్చు గుర్తుంది. నికెల్ పూత చాలాచోట్ల అరిగి పసుపుపచ్చని ఇత్తడి బయటపడినా, మర మాత్రం నేటికీ వేలికొసలతో తిప్పితే తడబాటు లేకుండా ఎక్కుతుంది. పాత వస్తువుల గట్టిదనం కొత్తవాటికి లేదని పెద్దలు తరచూ అంటుంటారు. రేజర్ల విషయంలో ఆ మాట ఎంతవరకు నిజమో తేల్చాలంటే, ముందుగా ఈ రెండింటిలోని లోహాలను పక్కపక్కన పెట్టి చూడాలి.

పాత రేజర్లలో అత్యధికం ఇత్తడివి. రాగి, జింకు కలిసిన ఈ మిశ్రమలోహాన్ని రేకుగా సాగదీసి, ఉక్కు అచ్చుల మధ్య నొక్కి పలకలు చేసేవారు. మరల కాడను ఇత్తడి కడ్డీ నుంచి చెక్కేవారు. చల్లగా ఉన్నప్పుడే నొక్కినా, సాగదీసినా ఇత్తడి మరింత గట్టిపడుతుంది. అయినా సాగే గుణాన్ని పూర్తిగా కోల్పోదు కనుక, భారం మితిమీరితే విరగడానికి ముందు వంగుతుంది. నేటి మధ్యతరగతి ధరల రేజర్లలో తల భాగం ఎక్కువగా జమాక్ అనే లోహంతో తయారవుతుంది. జింకులో సుమారు 4 శాతం అల్యూమినియం, కొద్దిగా మెగ్నీషియం, అవసరాన్ని బట్టి రాగి కలిపిన ఈ మిశ్రమాన్ని 1929లో అమెరికాలోని న్యూజెర్సీ జింక్ కంపెనీ రూపొందించింది. ఈ నాలుగు లోహాల జర్మన్ పేర్లలోని మొదటి అక్షరాల నుంచే ఆ పేరు వచ్చింది. ఇత్తడి కరగడానికి 900 డిగ్రీల సెల్సియస్‌కు పైబడిన వేడి కావలసివస్తే, జమాక్ 385 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. కరిగిన లోహాన్ని ఒత్తిడితో ఉక్కు అచ్చులోకి పంపితే, పలక, దాని వంపు, అడుగున కాడ అన్నీ ఒక్క పోతలో క్షణాల్లో తయారవుతాయి. వేడి తక్కువ కాబట్టి అచ్చు కూడా చాలాకాలం మన్నుతుంది. ధర తగ్గడానికి కారణం ఇదే.

లాగితే తట్టుకునే శక్తిలో జమాక్ మామూలు ఇత్తడికి మరీ తీసికట్టు కాదు. దాని అసలు బలహీనత వేరేచోట ఉంది. పోత పోసేటప్పుడు చిక్కుకున్న గాలి లోపల సన్నని బుడగలుగా మిగిలిపోతుంది, వాటి దగ్గర పగులు మొదలైతే దానిని ఆపగలిగేంత సాగే గుణం ఈ లోహానికి ఉండదు. దీనికి తోడు తుప్పు సమస్య ఒకటుంది. జింకు తేలికగా ఎలక్ట్రాన్లను వదులుకునే లోహం. ఈ గుణాన్ని తెలిపే ప్రామాణిక విద్యుత్ శక్మం (ఇది ఎంత మైనస్ వైపు ఉంటే లోహం అంత తేలికగా ఎలక్ట్రాన్లను వదులుతుంది) జింకుకు మైనస్ 0.76 వోల్టులైతే, పూతలో వాడే నికెల్‌ది మైనస్ 0.25 వోల్టులు, రాగిది ప్లస్ 0.34 వోల్టులు. పూతలో సూదిమొనంత రంధ్రం ఉన్నా చాలు, సబ్బునీరు దానిలోకి దిగి చిన్న విద్యుత్ ఘటంలా పనిచేస్తుంది, పైనున్న పూత చెక్కుచెదరకుండా ఉండగానే లోపలి జింకు కరుగుతూ పోతుంది. కొన్నాళ్లకు పూత బొబ్బలుగా ఉబ్బి పెచ్చులూడుతుంది. ఇత్తడి మీది పూతకు రంధ్రం పడినా ఇంత విధ్వంసం జరగదు; అక్కడ చిలుము పడుతుంది, తుడిస్తే పోతుంది.

నా రేజరు విరిగిన చోటు ఈ కారణాలన్నీ కలిసే చోటు. విద్యుత్తుతో పూత వేసేటప్పుడు లోహం ఎత్తు భాగాల మీద మందంగా, పల్లాల్లో పలుచగా పేరుకుంటుంది. మరల సందులు అటువంటి పల్లాలే. గడ్డం గీసుకున్నాక నీరు ఎక్కువసేపు నిలిచేదీ ఆ సందుల్లోనే, బిగించినప్పుడు లాగుడు భారం కేంద్రీకృతమయ్యేదీ ఆ సందుల మొదట్లోనే. అందుకే జమాక్ రేజర్లలో పలకలు మెరుస్తూ బాగానే ఉండగా కాడ తెగిపోవడం తరచుగా కనిపిస్తుంది. కొందరు తయారీదారులు కాడను మాత్రం ఇత్తడితోనో ఉక్కుతోనో చేసి పోతలో ఇముడుస్తారు. నా దృష్టిలో, ఒక రేజరు నిర్మాణాన్ని తూచడానికి బరువుకన్నా, మెరుపుకన్నా ఈ ఒక్క వివరం మేలైన కొలత.

అయితే దృఢత్వం ఒకటి, గీసే తీరు మరొకటి. రెండంచుల బ్లేడు మందం మిల్లీమీటరులో పదో వంతు మాత్రమే. రేకు బిగువు దాని మందం ఘనాన్ని బట్టి మారుతుంది కనుక, విడిగా ఉన్న బ్లేడు వేలితో తాకితేనే ఊగుతుంది. పై పలక, అడుగు పలక కలిసి దానిని విల్లులా వంచి అంచుకు దగ్గరగా నొక్కి పట్టినప్పుడే అది కదలకుండా వెంట్రుకను కోస్తుంది. పట్టు అంచుకు దూరంగా ఉంటే బ్లేడు అదురుతుంది, కుడి ఎడమల మధ్య తేడా ఉంటే ఒక పక్క గీరుతుంది. ఈ కొలతల విషయంలో మంచి జమాక్ రేజర్లు పాతవాటికి ఏమాత్రం తీసిపోవు. జర్మనీలోని మెర్కుర్, మ్యూలె, ఇంగ్లండులోని ఎడ్విన్ జాగర్ సంస్థల రేజర్లకు ఉన్న పేరు ఊరికే వచ్చినది కాదు. బ్లేడు పెట్టి, రేజరును వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూస్తే, రెండు వైపులా బ్లేడు అంచు సమానమైన సన్నని గీతలా కనిపించాలి. విరిగిన నా రేజరులోనూ ఆ గీతలు చివరి రోజు వరకు సమానంగానే ఉన్నాయి.

పాతవాటికీ తమ జబ్బులు ఉన్నాయి. తొలినాటి మూడు ముక్కల రేజరు చేయి జారి నేలమీద పడితే, పలుచని పై పలక మూలలు వంగేవి, ఆ వంకర బ్లేడుకూ సోకేది. 1930లో జిలెట్ తెచ్చిన కొత్త నమూనాలో బ్లేడు మూలలను కత్తిరించడం ఈ ఇబ్బందికి విరుగుడుగానే. పాత రేజర్లు సేకరించేవారు ముందుగా చూసేది పిడి మీద నిలువునా వెంట్రుకలాంటి చీలిక ఉందేమోనని. పలుచని ఇత్తడి గొట్టంలో తయారీనాటి ఒత్తిడి మిగిలిపోయి ఉంటే ఏళ్ల తరువాత కూడా ఇటువంటి చీలిక రావచ్చు. ఈ రకపు చీలికల కథ మన దేశంలోనే మొదలైంది. బ్రిటిష్ సైన్యం వానాకాలంలో గుర్రపుశాలల్లో దాచిన ఇత్తడి తూటాల తొడుగులు వాటంతటవే పగిలేవి. గుర్రాల మూత్రం నుంచి వెలువడే అమోనియా, ఇత్తడిలో మిగిలిన ఒత్తిడి కలిసి ఈ పని చేస్తున్నాయని 1921లో గాని శాస్త్రవేత్తలు తేల్చలేకపోయారు. పైగా మనకు కనిపించే పాత రేజర్లు కాలపరీక్షలో మిగిలినవి మాత్రమే. వంగినవి, చీలినవి ఏనాడో తూకానికి వెళ్లిపోయాయి, వాటిని లెక్కలోకి తీసుకోకుండా ఆ తరాన్నంతా మెచ్చుకోవడం న్యాయం కాదు.

పాత రేజరు గట్టిదనం వెనుక ధర కూడా ఉంది. 1903లో, అమ్మకాలు మొదలైన తొలి ఏడాది, కింగ్ క్యాంప్ జిలెట్ సంస్థ అమ్మగలిగింది 51 రేజర్లు, 168 బ్లేడ్లు. రేజరు ధర 5 డాలర్లు. ఆనాటి అమెరికా కార్మికుడి వారం కూలిలో అది పెద్ద భాగం. రేజరును కారుచౌకగా ఇచ్చి బ్లేడ్ల మీద సంపాదించారన్న కథ ప్రచారంలో ఉంది గాని, 1904లో దక్కిన పేటెంటు అమలులో ఉన్నంతకాలం జిలెట్ రేజరును ఖరీదైన వస్తువుగానే అమ్మింది. ఆ పేటెంటు ముగిసిన 1921లోనే, ఒక పక్క పాత నమూనాను డాలరుకు దించి, మరో పక్క మరింత కచ్చితమైన కొలతలతో కొత్త నమూనాను 5 డాలర్లకు నిలిపింది. 1958లో వచ్చిన, బ్లేడు సందును 1 నుంచి 9 వరకు మార్చుకోగల రేజరులోనూ ఆ శ్రద్ధ కనిపిస్తుంది. పిడి చివర తిప్పితే తల తలుపుల్లా తెరుచుకుంటుంది, అన్ని కదిలే భాగాలున్నా ఆ తలుపులు నేటికీ వదులు లేకుండా మూసుకునేవి దొరుకుతున్నాయి.

ధర పెట్టగలిగితే నేటి కాలం పాత ఇత్తడిని దాటిపోయింది. 316ఎల్ రకం స్టెయిన్‌లెస్ స్టీలు దిమ్మను కంప్యూటరు నడిపే యంత్రాలతో చెక్కి చేసే రేజర్లు ఉన్నాయి. అదే ఉక్కు పొడిని జిగురుతో కలిపి అచ్చులో నింపి, తరువాత కొలిమిలో కాల్చి గట్టిపరచి చేసేవీ ఉన్నాయి. ఉక్కులోని క్రోమియం గాలి తగిలిన వెంటనే తన మీద తానే కంటికి కనిపించని ఆక్సైడు పొరను కప్పుకుంటుంది, గీత పడినా అక్కడ మళ్లీ ఏర్పడుతుంది. ఊడిపోయే పూతే లేదు కనుక మరల సందుల్లో నీరు నిలిచినా జింకుకు పట్టిన గతి దానికి పట్టదు.

జమాక్ రేజరు వాడేవారు గీసుకోవడం అయ్యాక దానిని విప్పి మరలు ఆరనివ్వాలి. ఇత్తడి రేజరు చేతికి వస్తే చింతపండుతో బిందెను తోమినట్టు తోమకూడదు, మిగిలిన పలుచని నికెల్ పూత కూడా పోతుంది. ఏ లోహానిదైనా పిడిని వేలికొసలతో, ఆగే వరకు మాత్రమే బిగించాలి. రెండు పలకలూ బ్లేడును పట్టుకున్న తరువాత వేసే ప్రతి పావు చుట్టు బిగింపూ బ్లేడును మరింత గట్టిగా పట్టదు, కాడను సాగదీస్తుంది. నా రేజరు తెగడంలో ఆ అదనపు పావు చుట్టుకూ పాలుంది.