ఆ ఎరుపు దొరక్కపోతే ఏ ఎరుపు? మినియేచర్ రంగుల గురించి అపోహలు - వాస్తవాలు

బొటనవేలంత బొమ్మలకు రంగులు వేయడం నా పని. విజయవాడ సత్యనారాయణపురంలో మా ఇంటి వరండాయే నా వర్క్‌షాపు. వార్‌గేమ్ (బల్ల మీద బొమ్మలతో ఆడే యుద్ధం ఆట) సైనికులు, స్కేల్ మోడల్ ట్యాంకులు, సంక్రాంతి ముందు బొమ్మల కొలువులోని పాత బొమ్మల రిపేర్లు, ఇవే నా పనులు. నన్ను అడిగే ప్రశ్నల్లో సగానికి సగం ఒకటే: "అన్నా, ఈ రంగు స్టాక్ లేదంటున్నారు. దీని బదులు వేరే కంపెనీది ఏది తీసుకోను?"

న్యాయమైన ప్రశ్నే. బీసెంట్ రోడ్డుకు వెళ్లి అరగంటలో తెచ్చుకునే సరుకు కాదిది. ఆన్‌లైన్లో ఆర్డర్ పెట్టి ఎదురుచూడాలి, ఒక్కో సీసాకు మంచి ధరే పెట్టాలి. అందుకే తప్పు సీసా కొంటే బాధేస్తుంది. ఈ విషయంలో నేను తరచూ వినే అపోహలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: పేరు ఒకటైతే రంగూ ఒకటే.

పేరు కంపెనీ పెట్టుకున్నది. గుంటూరు మిరప యార్డులో ఉత్త "ఎరుపు" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. పండుమిరప ఎరుపు వేరు, కళ్లంలో ఎండిన కాయ ఎరుపు వేరు. మన సీసాల సంగతీ అంతే. వల్లెహో కంపెనీ రంగుల్లో "జర్మన్ గ్రే" ఉంది, టామియాలో కూడా "జర్మన్ గ్రే" ఉంది. పేరు చూసి ఒకదాని బదులు ఇంకొకటి వాడకండి.

పేరు కంటే నమ్మదగింది పిగ్మెంట్ కోడ్, అంటే రంగునిచ్చే పొడికి ఉండే గుర్తు. ఆర్టిస్ట్ అక్రిలిక్ ట్యూబు తిప్పి చూడండి. పీబీ 15:3 అంటే థాలో నీలం, పీఆర్ 101 అంటే ఎర్ర ఐరన్ ఆక్సైడ్, పీడబ్ల్యూ 6 అంటే టైటానియం తెలుపు. ఏ కంపెనీ ట్యూబు మీదైనా వీటి అర్థం మారదు. అలాగని కోడ్ కలిసినంత మాత్రాన పని అయిపోదు, ఒక్క పీఆర్ 101లోనే నారింజ ఛాయ నుంచి ఊదా ఛాయ దాకా రకాలున్నాయి. పైగా మినియేచర్ రంగుల సీసాల మీద చాలావరకు ఈ కోడే వేయరు. చివరికి మీ కళ్లతో చూసుకోవాల్సిందే.

అపోహ: నెట్‌లో దొరికే కన్వర్షన్ చార్ట్ చూసి కొనేయవచ్చు.

ఒక కంపెనీ రంగుకు ఇంకో కంపెనీలో సమానమైనది ఏదో చూపే పట్టిక ఇది. వెతకడానికి పనికొస్తుంది, తీర్పు చెప్పడానికి పనికిరాదు. దానిలో ఉండేది ఛాయ ఒక్కటే. మనకు కావలసినవి ఇంకా మూడున్నాయి: రంగు కింది పూతను ఎంతబాగా కప్పుతుంది, ఆరాక మ్యాట్‌గా ఉంటుందా మెరుస్తుందా, పలచన చేస్తే ఎలా ప్రవర్తిస్తుంది.

ఒక ఉదాహరణ చెబుతాను. రెండు పసుపులు స్క్రీన్ మీద అచ్చం ఒకేలా ఉన్నాయనుకుందాం. ఒకదానిలో టైటానియం తెలుపు కలిసి ఉంది, రెండు పూతల్లో నల్ల ప్రైమర్‌ను (రంగుకు ముందు వేసే అడుగు పూతను) కప్పేస్తుంది. రెండోదానిలో ఉత్త ఆర్గానిక్ పసుపు ఉంది, ఐదు పూతలేసినా కింది నలుపు ఆకుపచ్చగా తొంగిచూస్తూనే ఉంటుంది. అయితే ఆ రెండోదే గ్లేజ్‌కు (కింది రంగు కనిపించేలా వేసే పలచటి పూతకు) అద్భుతంగా పనికొస్తుంది. మొదటిదాన్ని గ్లేజ్‌గా వాడితే సుద్ద పూసినట్టు ఉంటుంది. చార్ట్‌లో మాత్రం ఈ రెండూ "సమానం".

చార్ట్ ఎప్పటిదో కూడా చూడండి. సిటడెల్ 2012లో దాదాపు మొత్తం రేంజ్ పేర్లు మార్చేసింది, 2022లో షేడ్ వాష్‌ల (గుంటల్లోకి దిగి నీడలు చూపే పలచటి రంగుల) ఫార్ములా మార్చింది. నల్న్ ఆయిల్ ఆ వాష్‌లలో ఒకటి. పాత చార్ట్‌లో "నల్న్ ఆయిల్‌కు సమానం" అని ఉంటే అది ఏ నల్న్ ఆయిల్ గురించి చెబుతోందో ముందు తేల్చుకోవాలి.

అపోహ: సీసాలు పక్కపక్కన పెట్టి చూస్తే తెలిసిపోతుంది.

తెలియదు. అక్రిలిక్ తడిగా ఉన్నప్పుడు దానిలోని బైండర్ (రంగుపొడిని అతికించే జిగురు) పాలలా తెల్లగా ఉంటుంది, ఆరాక పారదర్శకమవుతుంది. అందుకే రంగు ఆరితే కాస్త ముదురుతుంది. ఎంత ముదురుతుందనేది ఒక్కో రంగుకు ఒక్కోలా ఉంటుంది. తడిలో కుదిరిన జత ఆరాక విడిపోవచ్చు.

నేను వాడేవి ప్లాస్టిక్ స్పూన్లు. స్పూను వీపు మీద బొమ్మకు వేసే ప్రైమరే వేస్తాను. సగం నలుపు, సగం తెలుపు. దాని మీద ఎడమవైపు పాత రంగు, కుడివైపు కొత్త రంగు, ఒక్కోటి రెండు పలచటి పూతలు. పూర్తిగా ఆరాక మ్యాట్ వార్నిష్ కొడతాను, లేకపోతే ఒకదాని మెరుపు ఇంకోదాని ఛాయను తప్పుగా చూపిస్తుంది. స్పూను ఒంపు మీద వెలుగు పడే చోటు, నీడ పడే చోటు రెండూ కనిపిస్తాయి కాబట్టి కాగితం మీద పూసి చూడటం కంటే ఇది మేలు.

ప్రైమర్ ఎందుకంత ముఖ్యమో మన కొండపల్లి పనివాళ్లను చూస్తే అర్థమవుతుంది. తెల్ల పొణికి కర్రతో బొమ్మ చెక్కి, చింతగింజల పిండి గుజ్జుతో భాగాలు అతికి, సున్నం పూత ఆరబెట్టాకే రంగు ముట్టుకుంటారు. కింద తెల్లదనం ఉంటేనే పైన ఎరుపు ఎరుపులా పలుకుతుంది.

అపోహ: ఇంట్లో లైటు కింద కలిస్తే కలిసినట్టే.

దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. గుంటూరు అరండల్‌పేట నుంచి ఒక కుర్రాడు ఇరవై మంది సైనికుల్ని డబ్బాలో పెట్టుకుని వచ్చాడు. పద్నాలుగు అంగీలు అయ్యాక ఎర్ర సీసా ఖాళీ అయింది. చార్ట్ చూసి ఇంకో కంపెనీ ఎరుపు తెప్పించి మిగతా ఆరూ పూర్తి చేశాడు. "రాత్రి ట్యూబులైటు కింద అస్సలు తేడా లేదన్నా. పొద్దున మేడ మీదకు తీసుకెళ్తే ఆరూ నారింజగా కొడుతున్నాయి" అన్నాడు. మా గదిలో చూస్తే నిజంగానే అన్నీ ఒకటే ఎరుపు. వరండాలోకి తెచ్చి ఎండలో నిలబెట్టగానే ఆరుగురూ విడిగా కనిపించారు.

అతని కళ్ల తప్పు కాదు. దీన్ని మెటామెరిజం అంటారు. రెండు రంగుల్లో వేర్వేరు పిగ్మెంట్లు ఉన్నా ఒక వెలుతురులో ఒకటిగా కనిపించవచ్చు, వెలుతురు మారితే తేడా బయటపడుతుంది. చీర మీదికి జాకెట్ గుడ్డ కొనేటప్పుడు మా అమ్మ రెండూ పట్టుకుని షాపు బయటికి ఎందుకు వెళ్లేదో ఇప్పుడు తెలుస్తోంది. మీ స్పూన్లను కూడా పగటి వెలుతురులో ఒకసారి, బొమ్మలు ఆడే గది లైటు కింద ఒకసారి చూడండి.

అపోహ: అన్నీ అక్రిలిక్‌లే కదా, కలిపేయవచ్చు.

టామియా అక్రిలిక్‌లలో ఆల్కహాల్ ఉంటుంది. వల్లెహో, సిటడెల్ నీళ్లతో పలచనయ్యేవి. ఈ రెండు జాతుల్ని పాలెట్ మీద కలిపితే పాలు విరిగినట్టు గడ్డకట్టవచ్చు. ఒకటి పూర్తిగా ఆరాక దాని మీద ఇంకోటి వేయడానికి ఇబ్బంది లేదు. కొత్త జత ఏదైనా ముందు చెరో చుక్క కలిపి పది నిమిషాలు ఆగి చూడండి.

అపోహ: మామూలు రంగులో నీళ్లు పోస్తే కాంట్రాస్ట్ పెయింట్ అవుతుంది.

కాదు. 2019లో వచ్చిన సిటడెల్ కాంట్రాస్ట్ అయినా, అదే రకానికి చెందిన తర్వాతి స్పీడ్‌పెయింట్ అయినా పని చేసేది వాటి మీడియం (రంగుపొడిని మోసే ద్రవం) వల్లే. ఆ మీడియమే రంగును ఎత్తుల మీద పలచగా ఉంచి గుంటల్లోకి దించుతుంది. ఉత్త నీళ్లు పోస్తే బైండర్ బలహీనపడి, ఆరాక అంచుల్లో మరకలు మిగులుతాయి. దీనికి ప్రత్యామ్నాయం ఆ జాతిలోనే వెతకాలి, లేదా అక్రిలిక్ ఇంకును గ్లేజ్ మీడియంలో కలుపుకోవాలి. ఒక జాగ్రత్త: స్పీడ్‌పెయింట్ మొదటి వెర్షన్ ఆరాక కూడా తడి తగిలితే మళ్లీ కరిగేది. రెండో వెర్షన్‌లో దాన్ని సరిచేశారు. పాత సీసా ఉంటే పైన వార్నిష్ కొట్టాకే తర్వాతి పూత వేయండి.

అపోహ: స్టేషనరీ షాపు రంగులు ఎందుకూ పనికిరావు.

బొమ్మ కాళ్ల కింది నేలకు, రాళ్లకు, గోడలకు ఫ్యాబ్రిక్ కలర్లు చక్కగా సరిపోతాయి. ముఖానికి, కళ్లకు వద్దు, చిక్కగా ఉండి సన్నటి చెక్కడాలను పూడ్చేస్తాయి. ఆర్టిస్ట్ అక్రిలిక్ ట్యూబుల్లో తెలుపు, బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమ), థాలో నీలం కొని పెట్టుకోండి. దొరకని రంగుకు దగ్గరి సీసా తీసుకుని వీటితో సరిదిద్దుకోవచ్చు. థాలోతో మాత్రం జాగ్రత్త, సూది మొనంత చాలు.

కలిపేటప్పుడు చుక్కలు లెక్కపెట్టి స్పూను కాడ మీద రాసుకోండి: "ఎరుపు 5, గోధుమ 1". దళం మొత్తానికి సరిపడా ఒకేసారి కలిపి ఖాళీ డ్రాపర్ సీసాలో పోసుకోండి. కలియబెట్టడానికి లోపల గాజు పూస గానీ స్టెయిన్‌లెస్ గుండు గానీ వేయండి. సైకిల్ షాపు బాల్‌బేరింగ్ వేస్తే తుప్పు పడుతుంది, నేను ఒక మంచి క్రీమ్ రంగును అలాగే పోగొట్టుకున్నాను.

మెటాలిక్‌ల విషయంలో నా మాట ఒక్కటే. బంగారం, వెండి రంగులకు మధ్యలో కంపెనీ మార్చకండి. రేకు పొడి రేణువు మారితే మెరుపే మారిపోతుంది, కలిపి సరిచేయడం చాలా కష్టం.

అపోహ: సగంలో రంగు మారితే మొత్తం కడిగి మళ్లీ వేయాలి.

ఆ గుంటూరు కుర్రాడు అదే భయంతో వచ్చాడు. "కడగొద్దు తమ్ముడూ" అన్నాను. ముందు ఇరవై అంగీల మడతల్లోనూ ఒకే గోధుమ వాష్ దింపాం. ఆరాక ఆ కొత్త ఎరుపులోనే కొంచెం లేత రంగు కలిపి, ఇరవైమందికీ మడతల అంచుల మీద హైలైట్ గీశాం. పాత పద్నాలుగుకు కూడా. 32 మిల్లీమీటర్ల బొమ్మ మీద కన్ను ముందు పట్టుకునేది అంచులనే, లోపలి పూతను కాదు. రెండు మధ్యాహ్నాల పని. మూడో రోజు వరండా గట్టు మీద పదిగంటల ఎండలో వరసగా నిలబెట్టి, కొత్త ఆరుగురు ఎవరో చూపించమన్నాను. నలుగురిని పట్టుకున్నాడు, అదీ ఒక్కోదాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూశాకే.