సాకెట్‌లో కూర్చుంది కదా, డిస్‌ప్లే ఎందుకు రాదు?

"అన్నా, నంబర్ చూసే కొన్నా. 1151 అంటే 1151యే కదా!" మొన్న షాపు కట్టే వేళకి ఓ కుర్రాడు సీపీయూ డబ్బా మోసుకొచ్చాడు. మదర్‌బోర్డు హెచ్110, దాని మీద ప్రాసెసర్ కూర్చునే సాకెట్ నంబర్ 1151. కొన్నది సెకండ్ హ్యాండ్ ఐ5-8400 ప్రాసెసర్, దానిదీ 1151యే. పెడితే డిస్‌ప్లే రాలేదు. బోర్డు కాలిపోయిందేమోనని ముఖంలో నెత్తురుచుక్క లేదు.

అపోహ: సాకెట్ ఒకటైతే ఏ ప్రాసెసరైనా నడుస్తుంది.

వాస్తవం: నడవదు. ఇంటెల్ 6, 7 తరాల ప్రాసెసర్లకి 100, 200 సిరీస్ బోర్డులు, హెచ్110 ఇందులోదే. 8, 9 తరాలకి 300 సిరీస్, ఐ5-8400ది 8వ తరం. పిన్నుల లెక్క అదే, సాకెట్‌లో చక్కగా కూర్చుంటుంది కూడా. కానీ 8వ తరంలో కొన్ని పిన్నుల పని మార్చేశారు. బయోస్, అంటే సిస్టంని మొదలెట్టే బోర్డు చిప్‌లోని ప్రోగ్రాం, తిరగరాసి నడిపించిన ఘనులున్నారు, నిజమే. ఇంట్లో ఉన్న ఒక్క సిస్టంతో ఆ సర్కస్ ఎందుకు చెప్పండి?

పాత ప్రాసెసర్ పెంటియం జీ4400 మళ్లీ పెట్టగానే డిస్‌ప్లే వచ్చింది. ఏదీ కాలలేదు. కుర్రాడు కుర్చీలో కూలబడి మంచినీళ్లు అడిగాడు.

కొనేముందు బోర్డు మీద అచ్చేసిన మోడల్ పేరు చూడండి. కంపెనీ సైట్‌లో ఆ మోడల్‌కి సీపీయూ సపోర్ట్ లిస్ట్, అంటే ఏ ప్రాసెసర్లు నడుస్తాయో ఆ జాబితా ఉంటుంది, పక్కనే ఏ బయోస్ వెర్షన్ కావాలో కూడా. హెచ్110లో 7వ తరం ఐ5-7500 పడుతుంది, కానీ బయోస్ పాతదైతే అదీ నల్ల తెరే చూపిస్తుంది. అందుకే పాత ప్రాసెసర్ తీయకముందే అప్‌డేట్ చేసుకోవాలి, అదీ యూపీఎస్ మీద. కొత్తలో నేను యూపీఎస్ లేకుండా మొదలెట్టాను, సగంలో కరెంటు పోయింది. బయోస్ చిప్ ఊడదీసి ప్రోగ్రామర్ అనే పరికరంతో మళ్లీ రాయించాల్సొచ్చింది, డబ్బులు నా జేబులోంచే.

"వేడెక్కి ఆగిపోతోంది, ప్రాసెసర్ పోయింది" అనేది ఇంకో పుకారు. ఎక్కువసార్లు ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య పూసే పేస్ట్ ఎండిపోయి ఉంటుంది, లేదా కూలర్ నాలుగు కాళ్లలో ఒకటి లేచి ఉంటుంది. కూలర్‌ని వేలితో కదిపితే ఊగుతుందంటే దొరికినట్టే. పేస్ట్ ఎంత ఎక్కువ పూస్తే అంత చల్లదనమా? అదేమన్నా దోసె మీద వెన్నా! శనగగింజంత చాలు.

కుర్రాడి కూలర్ ఫ్యాన్ విప్పితే రెక్కల వెనక దుమ్ము కంబళిలా పేరుకుని ఉంది. దులిపి, పేస్ట్ మార్చి పంపించాను. 8400 మాత్రం అమ్మినవాడు వెనక్కి తీసుకోలేదట. ఇప్పుడది నా డ్రాయర్‌లో ఉంది. హెచ్310 బోర్డు ఉన్నవాళ్లెవరైనా వస్తే చెప్పమన్నాడు.